ఓడిన మాటకూ ఒక చోటు

తెలుగులో రాసే ముస్లింలని రెండు వైపుల నుంచి ఒకే ప్రశ్న వెంటాడుతోంది. హేతువాద మిత్రులు అడుగుతారు: మీకు మతం కావాలా, హేతువు కావాలా? మా మతపెద్దలు అడుగుతారు: మీకు ఈమాన్ ముఖ్యమా, ఈ తర్కాలు ముఖ్యమా? అడిగేవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు గాని అడిగేది మాత్రం ఒక్కటే. మతమూ ఆలోచనా ఒక ఇంట్లో కాపురం చెయ్యలేవన్న విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. ఎవరిని బయటికి గెంటాలన్న దగ్గరే తగువు.

ఎటు నిలబడాలో తేల్చుకునే ముందు, ఇదే ప్రశ్నని మాకంటే చాలా కాలం ముందే ఎదుర్కొన్న ఇంకో మైనారిటీ ఏం చేసిందో చూడాలనిపించింది. ఆ మైనారిటీ యూదులు. వాళ్ళ ధర్మశాస్త్ర పండితులైన రబ్బీలకీ, తత్వశాస్త్రానికీ మధ్య నడిచిన సుదీర్ఘ సంబంధం గురించి తెలుగులో మనం మాట్లాడుకున్నది తక్కువ. యూదుల పేరెత్తగానే మా వాళ్ళలో కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. ఇజ్రాయెల్ అనే రాజ్యం 1948లో పుట్టింది. మేము మాట్లాడుతున్న ఆలోచన దానికంటే పద్దెనిమిది వందల ఏళ్ళు పెద్దది. పాలస్తీనా ప్రజల పక్షాన నిలబడటానికి యూదుల పుస్తకాలు మూసెయ్యనక్కర్లేదు. 2023 అక్టోబర్ తర్వాత గాజాలో పదుల వేల మంది చనిపోవడం చూశాక కూడా మా మాట ఇదే.

యూరపు పండితులు ఈ సంబంధానికి ఒక సూత్రం తయారుచేసి పెట్టారు: ఏథెన్సా, జెరూసలేమా? ఏథెన్సు అంటే హేతువు, జెరూసలేం అంటే విశ్వాసం. ఈ జంటని మొదట ఎదురెదురుగా నిలబెట్టింది యూదుడు కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజ్‌లో రాసిన టెర్టూలియన్ అనే క్రైస్తవుడు. ఇరవయ్యో శతాబ్దంలో జర్మనీ నుంచి అమెరికా చేరిన యూదు తత్వవేత్త లియో స్ట్రౌస్ దాన్ని మళ్ళీ పైకి తెచ్చాడు. స్ట్రౌస్ స్వయంగా మా ఫారాబీని లోతుగా చదివినవాడు. కానీ ఆయన తర్వాత ప్రచారంలోకి వచ్చిన సూత్రంలో రెండు ఊళ్ళే మిగిలాయి. బాగ్దాదు, కార్డోబా, కైరో కనపడకుండా పోయాయి. ఈ సూత్రం మీద మా అభ్యంతరం అంతకంటే పెద్దది. రబ్బీలకీ తత్వవేత్తలకీ నడిచిన తగువు విశ్వాసానికీ హేతువుకీ నడిచిన తగువు కాదు. రెండు పక్కలా హేతువే ఉంది. తేడా ఎక్కడంటే, చర్చలో ఓడిపోయిన మాటని ఏం చెయ్యాలి అన్న దగ్గర. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇదే.

ముందు రబ్బీలు ఎవరో చూద్దాం. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం జెరూసలేం ఆలయాన్ని నేలమట్టం చేసింది. బలిపీఠం పోయింది. పూజారులకి పని పోయింది. మిగిలింది గ్రంథం, దాన్ని చదివే మనుషులు. ఆ చదివే మనుషులే రబ్బీలు. రబ్బీ పూజారి కాడు, మా ఆలిమ్‌కీ ముఫ్తీకీ దగ్గరివాడు. వాళ్ళలో యోహనాన్ చెప్పులు కుట్టేవాడనీ, యెహోషువా బొగ్గుపని చేసేవాడనీ వాళ్ళ సంప్రదాయమే చెబుతుంది. మనువు చదువు వద్దన్న చేతులు అక్కడ ధర్మశాస్త్రం చెప్పాయి.

క్రీ.శ. 200 ప్రాంతంలో రబ్బీ యెహూదా ఈ పండితుల తీర్పుల్ని మిష్నా పేరుతో కూర్చాడు. దాని మీద ఇరాక్‌లో తరతరాలుగా నడిచిన చర్చ ఆరో శతాబ్దం నాటికి బాబిలోనియా తాల్ముద్‌గా రూపుకట్టింది. అది తెరిస్తే శాసనాల జాబితా కనపడుతుందనుకుంటాం. కనపడేది పోట్లాట. ఒకాయన ఒకటంటాడు, ఇంకొకాయన కాదంటాడు, మూడో ఆయన ఇద్దరి మాటల్నీ విడదీసి చూస్తాడు. చిన్న విషయంలో వర్తించే నియమం పెద్ద విషయంలో ఇంకా గట్టిగా వర్తించాలి కదా అని వాదిస్తారు. మా ఫిఖ్‌లో ఖియాస్ తెలిసినవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. వాళ్ళు హలాఖా అంటే నడక, నడిచే దారి. మేము షరియత్ అంటే నీటి దగ్గరికి దారి. పేర్లలోనే చుట్టరికం ఉంది.

మిష్నాలో ఎదుయోత్ అనే భాగం ఉంది. సాక్ష్యాలు అని దాని అర్థం. అందులో ఒక ప్రశ్న వేసుకుంటారు. తీర్పు ఎప్పుడూ ఎక్కువమంది పక్షానే నడుస్తుంది కదా, మరి ఒంటరిగా మిగిలిన ఒకాయన అభిప్రాయాన్ని ఎందుకు రాసిపెట్టడం? ఒక జవాబు: రేపు ఇంకో న్యాయసభ దాన్ని సరైనదని అనుకుంటే దాని మీద ఆధారపడటానికి. రబ్బీ యెహూదా ఇంకో జవాబు చెబుతాడు: ఎవరైనా ఆ పాత మాట పట్టుకుని వస్తే, అది ఫలానా ఆయన అభిప్రాయం, అది నెగ్గలేదని చెప్పడానికి. ఒకళ్ళు కాపాడటానికి రాయమన్నారు, ఇంకొకళ్ళు తోసిపుచ్చడానికి రాయమన్నారు. రాయడం మాత్రం మానమనలేదు. ఎందుకు రాయాలన్న దాని మీద కూడా రెండు మాటలూ రాసిపెట్టారు.

హిల్లెల్ శిష్యులకీ షమ్మాయ్ శిష్యులకీ మూడేళ్ళు వాదం నడిచిందని తాల్ముద్ చెబుతుంది. చివరికి ఆకాశం నుంచి ఒక గొంతు వినిపించిందట. రెండూ దేవుడి మాటలేననీ, ఆచరణ మాత్రం హిల్లెల్ పక్షానుసారం ఉండాలనీ. ఎందుకా పక్షం నెగ్గింది? వాళ్ళు సౌమ్యులు, పైగా తమ మాట కంటే ముందు ఎదుటివాళ్ళ మాటని పాఠం చెప్పేవాళ్ళు. సత్యానికి దగ్గరగా ఉన్నారు కాబట్టి అనలేదు. ఎదుటివాడిని చదివారు కాబట్టి అన్నారు. ఇది హేతువు లేని విశ్వాసం అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోలేం.

ఇదంతా చదివి యూదు పండితుల్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. తాల్ముద్‌లోనే పొయ్యి కథ ఒకటి ఉంది. ముక్కలుగా కోసి మధ్యలో ఇసుక వేసి కట్టిన మట్టి పొయ్యి మైలపడుతుందా, పడదా అని చర్చ. రబ్బీ ఎలియెజెర్ పడదన్నాడు. మిగతా అందరూ పడుతుందన్నారు. ఆయన తన పక్షాన అద్భుతాలు చూపించాడు. చెట్టు పెకలి దూరం జరిగింది, కాలువ వెనక్కి పారింది, గోడలు ఒరిగాయి, చివరికి ఆకాశవాణి కూడా ఆయన పక్షానే పలికింది. అప్పుడు యెహోషువా లేచి, ధర్మశాస్త్రం ఇప్పుడు ఆకాశంలో లేదు, మా చేతుల్లో ఉంది అన్నట్టు ఎదురుచెప్పాడు. హేతువాదులు ఈ కథని మెచ్చుకుంటారు. నిజంగా మెచ్చదగ్గదే. కాని కథ అక్కడ ఆగదు. గెలిచినవాళ్ళు ఎలియెజెర్ శుద్ధమన్న వస్తువులన్నీ తెచ్చి తగలబెట్టారు. ఆయన్ని వెలివేశారు. ఆ కబురు చెప్పడానికి శిష్యుడు అకీవా నల్లబట్టలు కట్టుకుని వెళ్ళి దూరంగా కూర్చున్నాడు. ఎలియెజెర్ ఏడ్చాడు. ఆ కన్నీళ్ళకి పంట నాశనమైందని తాల్ముదే రాసుకుంది. మాటకి చోటిచ్చారు, మనిషికి ఇవ్వలేదు. ఆ కథలో ఎలియెజెర్ భార్య ఇమ్మా షాలోం భర్త సాష్టాంగపడి మొరపెట్టుకోకుండా కాపలా కాస్తుంది. చర్చలో కూర్చోదు. ఆ చర్చామందిరంలో ఆడవాళ్ళకి పీట వెయ్యలేదు. రెజీనా యోనాస్ జర్మనీలో రబ్బీ అయ్యింది 1935లో. నాజీలు ఆమెని 1944లో ఆష్‌విట్జ్‌లో చంపేశారు.

ఇక తత్వశాస్త్రం సంగతి. రబ్బీల సంప్రదాయంలోకి అది గ్రీకు భాషలో రాలేదు, అరబీలో వచ్చింది. బాగ్దాదులో ముతజిలాలు తర్కంతో మతాన్ని చర్చిస్తున్న కాలంలో, సురా విద్యాపీఠానికి పెద్ద అయిన సాదియా గావోన్ 933లో యూదు విశ్వాసాలకి హేతుబద్ధమైన వివరణ రాశాడు. అరబీలోనే రాశాడు. ఆయన వాదన నడిచే తీరు ముతజిలాలది. ఆ తర్వాత వచ్చినవాడు యూరపు పుస్తకాలు మైమోనిడీస్ అని పిలిచే మూసా బిన్ మైమూన్. కార్డోబాలో పుట్టాడు. 1148లో అల్‌మొహాద్‌లు ఆ ఊరిని పట్టుకుని యూదుల్ని మతం మారమంటే ఆ కుటుంబం ఊరు విడిచింది. మొరాకో, పాలస్తీనా మీదుగా ఈజిప్టు చేరి, కైరో పక్కన ఫుస్తాత్‌లో వైద్యుడిగా స్థిరపడి 1204లో చనిపోయాడు. కార్డోబా స్వర్ణయుగం గురించి మా ఉర్దూ సభల్లో ఉపన్యాసాలు దంచేవాళ్ళు ఈ వలస సంగతి కూడా ఒక ముక్క చెబితే బాగుంటుంది.

ఆయన 1190 ప్రాంతంలో రాసిన దలాలతుల్ హాయిరీన్, అంటే దిక్కుతోచనివాళ్ళకి దారి చూపే పుస్తకం, యూదు తత్వశాస్త్రంలో అన్నిటికంటే పేరున్నది. దాని భాష అరబీ, లిపి హీబ్రూ. ఆ పుస్తకాన్ని హీబ్రూలోకి తెచ్చిన సామ్యూల్ ఇబ్న్ తిబ్బోన్‌కి రాసిన ఉత్తరంలో ఏ తత్వవేత్తల్ని చదవాలో చెబుతూ ఫారాబీని ఎంతో మెచ్చుకున్నాడు. ఇప్పుడు ఏథెన్సుకీ జెరూసలేంకీ మధ్య ఏ ఊళ్ళు ఉన్నాయో పాఠకులే చెప్పగలరు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ తెలుగు లిపిలో అమ్మీజాన్, దస్తర్‌ఖాన్ అని రాసుకుంటున్న మాకు ఆ పుస్తకం పరాయిదిగా అనిపించదు. ఒక జాతి లిపిలో ఇంకో జాతి భాష కూర్చుని ఆలోచించడం తప్పూ కాదు, తక్కువా కాదు.

కాని మూసా బిన్ మైమూన్ ఇంకో పని కూడా చేశాడు. 1180 ప్రాంతంలో మిష్నే తోరా అనే ధర్మశాస్త్ర సంగ్రహాన్ని పద్నాలుగు భాగాల్లో ముగించాడు. చెదిరిన తీర్పులన్నిటినీ ఒక క్రమంలో పెట్టాడు. ఆ పనిలో పోట్లాటని తీసేశాడు. ఎవరన్నారో పేర్లు లేవు. ఎవరు కాదన్నారో లేదు. తీర్పు మాత్రమే ఉంది. తోరా తర్వాత ఇది చదివితే మధ్యలో ఇంకో పుస్తకం అక్కర్లేదని ముందుమాటలో రాశాడు. అందులో మొదటి అధ్యాయాలు అరిస్టాటిల్ ప్రకృతి శాస్త్రంతో నిండి ఉన్నాయి, అదీ ధర్మశాసనం రూపంలో. ఇక్కడ తత్వశాస్త్రం రబ్బీల ఇంట్లోకి వచ్చి గోడలు కట్టింది. రుజువైన సత్యం ఒక్కటే ఉంటుంది కనుక, ఓడిన మాటని మోసుకు తిరగడం దేనికన్నది దాని స్వభావం.

దీనికి ఎదురు నిలిచినవాడు దక్షిణ ఫ్రాన్సులోని పోస్కియేర్ ఊరి రబ్బీ అబ్రహాం బెన్ దావీద్. మూలాలు చెప్పకుండా, పేర్లు చెప్పకుండా తీర్పు చెబితే నేనెందుకు నమ్మాలని నిలదీశాడు. ఒక చోట మూసా బిన్ మైమూన్, దేవుడికి శరీరం ఉందనేవాడు మతభ్రష్టుడని రాశాడు. దానికి అబ్రహాం అభ్యంతరం చూడండి: నీకంటే గొప్పవాళ్ళు, మంచివాళ్ళు లేఖనాల్లో మాటలు చూసి అలా అనుకున్నారు, వాళ్ళని భ్రష్టులని ఎలా అంటావు? దేవుడికి శరీరం ఉందని వాదించడం ఆయన ఉద్దేశం కాదు. పొరబడినవాడిని బయటికి నెట్టొద్దన్నదే ఆయన వాదన. తత్వవేత్త వెలివేస్తున్నాడు, సనాతన రబ్బీ వెనకేసుకొస్తున్నాడు. హేతువు అంటే సహనం, సంప్రదాయం అంటే మూఢత్వం అని లెక్కలు కట్టుకున్నవాళ్ళు ఈ పేజీ దగ్గర ఆగాలి. తర్వాత అచ్చైన మిష్నే తోరా ప్రతుల్లో అబ్రహాం అభ్యంతరాల్ని మూలం పక్కనే వేశారు. ఒక్క గొంతుతో రాసిన పుస్తకానికి రబ్బీలు రెండో గొంతు అతికించారు.

ఈ సంగతి మాకెందుకు ముఖ్యమో చెప్పాలి. మా హనఫీ ఫిఖ్ గ్రంథం హిదాయా తెరిస్తే ఇమామ్ అబూ హనీఫా ఒక మాటంటాడు, శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇంకో మాటంటారు. కొన్ని చోట్ల ఫత్వా శిష్యుల మాట మీదే నడుస్తుంది. దాన్ని ఇఖ్తిలాఫ్ అంటాం. గురువుతో విభేదించిన శిష్యుడి పేరు గురువు పక్కనే ఉంటుంది. 1791లో చార్లెస్ హామిల్టన్ ఆ గ్రంథాన్ని కంపెనీ కోర్టుల అవసరం కోసం ఇంగ్లీషులోకి తెచ్చాడు. తెల్లదొర జడ్జికి ఇఖ్తిలాఫ్‌తో పని లేదు, సెక్షన్ కావాలి. అలా కోర్టుల్లో వందేళ్ళు నలిగి మొహమ్మడన్ లా అనే ఒక గట్టి పలక తయారైంది. ఇవాళ షరియత్‌ని కాపాడతామనేవాళ్ళూ, షరియత్‌ని రద్దు చేస్తామనేవాళ్ళూ ఆ పలకనే చూపిస్తున్నారు. ఇద్దరికీ ఇఖ్తిలాఫ్ అడ్డమే.

తత్వశాస్త్రం పక్షాన కూడా న్యాయంగా చెప్పాల్సిన మాట ఉంది. అది ఎప్పుడూ తలుపులు మూసిందనడం అబద్ధం. యెహూదా హలేవీ అనే స్పెయిన్ కవి 1140 ప్రాంతంలో కుజారీ అనే పుస్తకం రాశాడు. తృణీకరించబడిన మతం తరఫున సమాధానం అని దాని అసలు అరబీ పేరుకి అర్థం. అవమానపడినవాడి కోపం అందులో ఉంది. తత్వవేత్తల దేవుడు ఎవరి మొరా వినడనీ, తన జాతి దేవుడు చరిత్రలో దిగివచ్చాడనీ వాదిస్తాడు. కాని ఆ జాతి గర్వంలోనే ఒక ముల్లు ఉంది. మతం మారి యూదుడైనవాడు పుట్టు యూదుడితో సమానం కాడంటాడు హలేవీ.

మూసా బిన్ మైమూన్‌కి సరిగ్గా ఈ విషయం మీదే ఒక ఉత్తరం వచ్చింది. ఒబద్యా అనే ఆయన మతం మారి యూదుడయ్యాడు. ప్రార్థనలో మా పూర్వీకుల దేవుడా అని నేను అనొచ్చా, నా పూర్వీకులు వాళ్ళు కారు కదా అని అడిగాడు. ముస్లింలు విగ్రహారాధకులు కారని అన్నందుకు తన గురువు తనని మూర్ఖుడని తిట్టాడనీ చెప్పుకున్నాడు. మూసా బిన్ మైమూన్ తీర్పు చెప్పాడు. ముస్లింలు విగ్రహారాధకులు కారు. ఆ గురువే ఒబద్యాని క్షమాపణ అడగాలి. ఇక ప్రార్థన సంగతి: అబ్రహాం రక్తం వల్ల తండ్రి కాలేదు, ఒక్కడైన దేవుణ్ణి తెలుసుకుని నలుగురికీ నేర్పి తండ్రి అయ్యాడు. ఆ జ్ఞానంలోకి వచ్చినవాళ్ళందరికీ తండ్రే. ఒక్క మాట కూడా మార్చకుండా ప్రార్థన చెయ్యి. ఇది ధర్మశాస్త్ర తీర్పు. దీని వెనక ఉన్నది తత్వశాస్త్రం.

మా సమాజంలో దూదేకులవాళ్ళు ఈ ఉత్తరం చదవాలని మా కోరిక. ఇంట్లో తెలుగు మాట్లాడతారని, పేర్లు సగం తెలుగువని, పీర్ల పండగ బాగా చేస్తారని నూర్‌బాషాల్ని అసలు ముస్లింలు కానట్టు చూసే షరీఫుల కొంపలు మాకు తెలుసు. అరేబియా నుంచి వచ్చామనే వంశవృక్షాలు గోడకి వేలాడదీసుకుని, పొలంలోనో మగ్గం మీదో పుట్టిన విశ్వాసాన్ని నాసిరకం అనే పెద్దమనుషులు మాకు తెలుసు. ఇబ్రహీం అలైహిస్సలాం ఎవరికి తండ్రి అన్న ప్రశ్నకి ఫుస్తాత్‌లో ఒక యూదు వైద్యుడు చెప్పిన జవాబు మా పెద్దలు చెప్పిన జవాబు కంటే మేలుగా ఉంది.

ఈ రెండు సంప్రదాయాలు ఒకదానితో ఒకటి తలపడిన తీరు కూడా తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ కథలో మైనారిటీలకి పాఠముంది. 1232 ప్రాంతంలో ఫ్రాన్సులో రబ్బీలు మూసా బిన్ మైమూన్ తాత్విక రచనల మీద నిషేధం పెట్టారు. ఆయన పక్షంవాళ్ళు ఎదురు నిషేధం పెట్టారు. పదేళ్ళు తిరగలేదు. 1240లో పారిస్‌లో తాల్ముద్ మీదే విచారణ జరిగింది. 1242లో బళ్ళకొద్దీ తాల్ముద్ ప్రతుల్ని నడివీధిలో తగలబెట్టారు. తత్వశాస్త్రం వద్దన్నవాళ్ళ పుస్తకమూ కావాలన్నవాళ్ళ పుస్తకమూ రాజుకి ఒక్కటే. 1305లో బార్సిలోనాలో రబ్బీ సాలమన్ ఇబ్న్ అద్రెత్, 25 ఏళ్ళు నిండనివాళ్ళు గ్రీకు తత్వగ్రంథాలు చదవకూడదని శాసించాడు. దక్షిణ ఫ్రాన్సులో మెనహేం మెయిరీ లాంటి పండితులు దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదం తెగక ముందే 1306లో ఫ్రాన్సు రాజు యూదులందర్నీ దేశం నుంచి వెళ్ళగొట్టాడు. చదవాలన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ ఒకే దారిన మూటలు మోసుకుపోయారు.

బయట మంటలు లేచినప్పుడల్లా లోపలి గొంతు నొక్కాలనిపిస్తుంది. ఇప్పుడు సమయం కాదు, శత్రువు గుమ్మంలో ఉన్నాడు అంటారు. 1985లో షాబానో తీర్పు వచ్చినప్పుడు ఆ ముసలామె పక్షాన మాట్లాడిన ముస్లింలకి ఈ మాటే చెప్పారు. 1992లో బాబ్రీ మసీదు కూలగొట్టాక అది ఇంకా గట్టిగా చెప్పారు. ఇప్పటికీ చెబుతున్నారు. శత్రువు గుమ్మంలో ఉన్న మాట నిజమే. కాని లోపలి మాట నొక్కినందుకు గుమ్మంలోని శత్రువు వెనక్కి తగ్గినట్టు యూదుల చరిత్రలో మాకు కనపడలేదు. మా చరిత్రలోనూ కనపడలేదు.

గొంతు నొక్కడం ఒక మతానికి పరిమితం కాదు. కార్డోబాలోనే పుట్టిన ఖాజీ, తత్వవేత్త ఇబ్న్ రుష్ద్‌ని 1195లో ఖలీఫా శిక్షించి, యూదుల ఊరుగా పేరున్న లుసేనాకి పంపాడు. ఆయన తత్వగ్రంథాలు తగలబెట్టించాడు. ఆ తర్వాత ఆ పుస్తకాల్ని హీబ్రూలోకి మార్చి కాపాడినవాళ్ళు యూదులు. ప్లేటో రిపబ్లిక్ మీద ఆయన రాసిన వ్యాఖ్యానం అరబీ మూలం పోయి, హీబ్రూ అనువాదం వల్లే బతికింది. మా వాళ్ళు తగలబెట్టినదాన్ని వాళ్ళు దాచిపెట్టారు. ఈ అప్పు మేము ఒప్పుకోవాలి.

ఆ అప్పులో కొంత తీర్చిన ఊరు ఒకటుంది. అది హైదరాబాదు. 1888లో మొదలై ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్న దాయిరతుల్ మఆరిఫ్, అరబీ రాతప్రతుల్ని పరిష్కరించి అచ్చువేసే సంస్థ. ఫారాబీ రచనలు, ఇబ్న్ రుష్ద్ రచనలు అక్కడ అచ్చయ్యాయి. 1938, 39 సంవత్సరాల్లో మూడు సంపుటాలుగా అచ్చైన కితాబుల్ ముఅతబర్ రచయిత అబుల్ బరకాత్ బాగ్దాదీ పన్నెండో శతాబ్దపు యూదుడు. గొప్ప వైద్యుడు. వైద్యం నేర్చుకోవడానికి వెళితే గురువు యూదులకి చెప్పనన్నాడనీ, వాకిట్లో కూర్చుని ఏడాదిపాటు పాఠాలు విన్నాడనీ, ఒక రోజు ఎవరికీ తెలియని జవాబు చెప్పి లోపలికి రానిచ్చుకున్నాడనీ పాత జీవితచరిత్రలు చెబుతాయి. మన ఏకలవ్యుడు జ్ఞాపకం వస్తాడు. ఇక్కడ గురువు బొటనవేలు అడగలేదు, అదొక్కటే నయం.

అబుల్ బరకాత్ పుస్తకం పేరులోనే ఆయన పద్ధతి ఉంది. ఎవరో చెప్పారని కాకుండా, తాను స్వయంగా ఆలోచించి తేల్చుకున్నదే రాశానన్నది దాని భావం. ఇబ్న్ సీనాని అడుగడుగునా ప్రశ్నించాడు. ముసలితనంలో ఇస్లాం తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడన్నదానికి రెండు మూడు కథలున్నాయి. వాటిలో అవమానం ఉంది, ప్రాణభయం ఉంది. మా ఖలీఫాల బాగ్దాదులో ఒక యూదు మేధావి నిలబడ్డ నేల ఎంత జారుడుగా ఉండేదో ఆ కథలు చెబుతాయి. సుల్తానుల కాలంలో మైనారిటీలు సుఖంగా ఉన్నారని ఊరేగే ముందు మేము ఇది గుర్తుపెట్టుకోవాలి. అయినా ఆయన పుస్తకం ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత మన మూసీ ఒడ్డున అచ్చైంది. ఆ ప్రతి ఆధారంగానే జెరూసలేంలోని ష్లోమో పైన్స్ అనే యూదు పండితుడు అబుల్ బరకాత్ ఆలోచనని ప్రపంచానికి చెప్పాడు. దలాలతుల్ హాయిరీన్‌ని 1963లో ఇంగ్లీషులోకి తెచ్చినవాడూ ఆయనే. ఏథెన్సు, జెరూసలేం సూత్రంలో హైదరాబాదుకీ ఒక చోటుండాల్సింది.

ఆధునిక కాలంలో ఈ సంబంధం ఏమైంది? 1656 జులైలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని యూదు సంఘం 23 ఏళ్ళ స్పినోజాని వెలివేసింది. వెలివేసినవాళ్ళు ఎవరు? స్పెయిన్, పోర్చుగల్‌ల మతవిచారణ మంటల నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు. ఎలియెజెర్ కథ మళ్ళీ జరిగింది. తేడా ఒకటుంది. ఎలియెజెర్ మాట తాల్ముద్‌లో మిగిలింది. స్పినోజా రాసినదేదీ చదవకూడదని సంఘం శాసించింది. మనిషితోపాటు మాట కూడా పోవాలన్నారు. రబ్బీల పద్ధతికే అది ద్రోహం.

ఇరవయ్యో శతాబ్దంలో యెషయాహు లైబోవిట్జ్ ఉన్నాడు. నిష్ఠగా హలాఖా పాటించినవాడు, మూసా బిన్ మైమూన్‌ని జీవితమంతా చదివినవాడు, జెరూసలేంలో సైన్సూ తత్వశాస్త్రమూ బోధించినవాడు. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆక్రమించిన పాలస్తీనా భూభాగాల్ని వదలాలని గట్టిగా అన్నాడు. ఒక ప్రజని అణిచి ఏలితే ఏలినవాడు కుళ్ళిపోతాడన్నాడు. నేలని, రాజ్యాన్ని పవిత్రం చేసి మొక్కడం విగ్రహారాధన అన్నాడు. మూసా బిన్ మైమూన్ విగ్రహారాధన మీద చేసిన తాత్విక యుద్ధాన్ని తన సొంత రాజ్యం మీదికి తిప్పాడు. 1993లో ఆయనకి ఇజ్రాయెల్ ప్రైజు ప్రకటిస్తే దేశమంతా గొడవైంది, ఆయన దాన్ని తీసుకోనన్నాడు. 1994లో చనిపోయాడు. ఆయన మాట ఓడిపోయింది. గాజా వైపు చూస్తే ఎంతగా ఓడిపోయిందో తెలుస్తుంది. ఎదుయోత్ చెప్పిన మొదటి జవాబు ఇక్కడ పనికొస్తుంది. రేపటి న్యాయసభ ఒకటి దాని మీద ఆధారపడాల్సి రావచ్చు. అందుకే దాన్ని రాసిపెట్టాలి. యూదులే కాదు, మేము కూడా రాసిపెట్టాలి. యూదులంటే అందరూ ఒక్కటే అనే మా వాళ్ళకి, ముస్లింలంటే అందరూ ఒక్కటే అని మమ్మల్ని చూసేవాళ్ళకీ తేడా ఏముంది?

కాబట్టి మతమా హేతువా అన్న ప్రశ్నకి మా జవాబు: ప్రశ్న తప్పు. హేతువు పేరుతో ఒక్క గొంతు మిగిల్చేవాళ్ళున్నారు, మతం పేరుతో పది గొంతులు వినిపించేవాళ్ళున్నారు. రెండోవైపూ నిజమే. అడగాల్సింది వేరే. మీ దగ్గర ఓడిన మాటకి చోటుందా? ఆ మాటన్న మనిషికి చోటుందా? హేతువాద మిత్రుల సభలో నమాజు చేసే రచయిత కూర్చోగలడా? మా జమాత్‌లో నమాజు చెయ్యని రచయిత జనాజాకి నలుగురు భుజం పడతారా? తలాక్ మీద ప్రశ్న వేసిన ఆడపిల్లకీ, దర్గాకి వెళ్ళే దూదేకులాయనకీ, ఇద్దర్నీ తప్పుపట్టే మౌల్వీకీ ఒకే దస్తర్‌ఖాన్ మీద చోటుందా?

రబ్బీలు సగం నేర్పారు. ఓడిన మాటని పక్కన రాసిపెట్టడం వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు, మా ఫిఖ్ గ్రంథాల్లోనే వెతుక్కున్నా దొరుకుతుంది. మిగతా సగం, ఓడిన మనిషిని వెలివెయ్యకుండా ఉండటం, వాళ్ళకీ పూర్తిగా చేతకాలేదు, మాకూ కాలేదు. అకీవాలా నల్లబట్టలు కట్టుకుని దూరంగా కూర్చోవడం సరిపోదు. దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చోవాలి. ఇలాంటి సంకలనాలు మేము వేసుకుంటున్నది అందుకే. ఇందులో ఒక వ్యాసం ఇంకో వ్యాసాన్ని కాదంటుంది. కాదననివ్వండి. రెండూ ఒకే అట్టల మధ్య ఉన్నాయా లేదా అన్నదే చూడండి.